ఆలస్యాన్ని సహించని వ్యాధి: స్మాల్ సెల్ ఊపిరితిత్తుల క్యాన్సర్, దాని చికిత్సా మార్గాలు

ఆరోగ్యం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. ఈ మాట మనం మసీదుల్లో తరచుగా వింటూనే ఉంటాము. అయితే ఆ అమానతును కాపాడుకోవడానికి భక్తితోపాటు జ్ఞానం కూడా అవసరమని గుర్తించేవారు తక్కువ. సికింద్రాబాద్‌లోని మా మదరసాకు పిల్లల చదువు గురించి మాట్లాడడానికి వచ్చే తల్లిదండ్రుల్లో కొందరు ఇటీవలి కాలంలో ఆసుపత్రి కాగితాలు కూడా వెంట తెస్తున్నారు. ‘మౌలానా, దీనికి వైద్యం ఉందా? ఉంటే చేయించాలా, దుఆతో సరిపెట్టుకోవాలా?’ అన్నది వారి ప్రశ్న. ఆ కాగితాల్లో మాకు పదేపదే కనిపించిన ఒక పేరు ‘స్మాల్ సెల్ కార్సినోమా’. ఊపిరితిత్తులకు వచ్చే క్యాన్సర్లలో అత్యంత వేగంగా పెరిగేది ఇదే.

మేము వైద్యులము కాము. ఏ రోగికి ఏ మందు ఇవ్వాలో నిర్ణయించవలసినవారు క్యాన్సర్ వైద్య నిపుణులే. అయినా, ఆ వైద్యుని ఎదుట కూర్చున్నప్పుడు ఏమి అడగాలో తెలియక, ఇంటికి వచ్చాక ఎవరి మాట వినాలో తోచక కుటుంబాలు విలువైన రోజులను పోగొట్టుకుంటున్నాయి. ఈ వ్యాధిలో రోజులే ప్రాణం. అందుకే ఈ వ్యాసం.

వ్యాధి స్వరూపం

ఊపిరితిత్తుల క్యాన్సర్ అంటే ఒకే జబ్బు కాదు. సూక్ష్మదర్శినిలో కణాల ఆకారాన్ని చూసి వైద్యులు దానిని రెండు ప్రధాన వర్గాలుగా విభజిస్తారు. నూటికి సుమారు ఎనభై ఐదు కేసులు ‘నాన్ స్మాల్ సెల్’ వర్గానికి చెందుతాయి. మిగిలిన పదిహేను లేదా అంతకు కొంచెం తక్కువ కేసులు ‘స్మాల్ సెల్’ వర్గానివి. ఈ కణాలు చిన్నవిగా, ఓట్ గింజల వలె కనిపించడం వల్ల పూర్వం దీనిని ‘ఓట్ సెల్ క్యాన్సర్’ అనేవారు. గుండె చుట్టుపక్కల పుట్టే వేరే రకం కణితిగా వైద్యులు భావిస్తూ వచ్చిన ఈ వ్యాధి నిజానికి ఊపిరితిత్తులలోనే మొదలవుతుందని 1926లో ఇంగ్లండుకు చెందిన బార్నార్డ్ అనే వైద్యుడు నిరూపించాడు.

ఈ వర్గీకరణ కేవలం పాండిత్యం కోసం కాదు. ‘ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు ఇప్పుడు రోజుకొక మాత్ర వేసుకుంటే చాలునట’ అని మన ఇళ్లలో కొందరు చెబుతుంటారు. జెఫిటినిబ్, ఓసిమర్టినిబ్ వంటి ఆ మాత్రలు నాన్ స్మాల్ సెల్ వర్గంలో, అదీ కొన్ని జన్యు మార్పులు ఉన్నవారికి మాత్రమే పనిచేస్తాయి. స్మాల్ సెల్ రోగికి వాటితో ప్రయోజనం లేదు. పొరుగింటివారికి నయమైన మందు మన ఇంటి రోగికి ఎందుకు ఇవ్వడం లేదని వైద్యుని అనుమానించే ముందు, బయాప్సీ నివేదికలో ఏ వర్గం పేరు ఉందో చూడడం అవసరం.

ఈ వ్యాధికి కారణమేమిటన్న ప్రశ్నకు జవాబు దాదాపుగా ఒక్కటే: పొగాకు. స్మాల్ సెల్ రోగులలో నూటికి తొంభై ఐదు మంది ప్రస్తుతం పొగ తాగుతున్నవారో, గతంలో తాగినవారో అయి ఉంటారు. మన నేలకు పొగాకు కొత్తది కాదు. గుంటూరు, ప్రకాశం జిల్లాలు పొగాకు పంటకు ప్రసిద్ధి. నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాలలో వేలాది స్త్రీలు తునికాకుతో బీడీలు చుట్టి సంసారాలు ఈదుతున్నారు. మన నగరపు ఘనతకు చిహ్నమైన చార్మినార్ పేరునే ఒక సిగరెట్ దశాబ్దాలపాటు మోసింది. బీడీ ఆకుతో చుట్టినది కాబట్టి సిగరెట్ కంటే హాని తక్కువన్న అభిప్రాయం మన బస్తీలలో బలంగా ఉంది. అది నిజం కాదు. బీడీ ఆరిపోకుండా ఉండాలంటే గట్టిగా, మాటిమాటికీ పీల్చాలి. విషం అంత లోతుగా దిగుతుంది. హుక్కా పొగ నీటి గుండా వస్తుంది కనుక శుద్ధి అవుతుందన్నది కూడా అపోహే.

క్షయ అనే పొరపాటు

ఎడతెగని దగ్గు, తెమడలో రక్తపు చారలు, ఆయాసం, ఛాతీలో నొప్పి, ఆకలి మందగించడం, బరువు తగ్గడం, గొంతు బొంగురుపోవడం ఈ వ్యాధి లక్షణాలు. మన దేశంలో క్షయ వ్యాధి లక్షణాలు కూడా ఇంచుమించు ఇవే. ఎక్స్‌రేలో రెండూ మచ్చలుగానే కనిపిస్తాయి. క్షయ సర్వసాధారణం కాబట్టి అనుమానం ముందుగా దాని మీదికే పోతుంది. ఫలితంగా తెమడలో క్షయ క్రిములు కనిపించకపోయినా, ఎక్స్‌రేను మాత్రమే నమ్మి నెలల తరబడి క్షయ మందులు వాడిన క్యాన్సర్ రోగులు మన మధ్య ఎందరో ఉన్నారు.

మాకు తెలిసిన ఒక ఆటో డ్రైవరు విషయంలో ఇదే జరిగింది. ముప్ఫై ఏళ్లుగా బీడీ అలవాటున్న మనిషి. వీధి చివరి క్లినిక్‌లో మూడు నెలలు క్షయ మాత్రలు తిన్నాడు. ముఖం, మెడ ఉబ్బిన తరువాతే పెద్దాసుపత్రికి చేరాడు. ఛాతీలోని పెద్ద రక్తనాళాన్ని కణితి నొక్కినప్పుడు అలా ఉబ్బుతుంది. అప్పటికి వ్యాధి కాలేయానికి పాకింది.

అందుచేత ఒక నియమం గుర్తుంచుకోవాలి. నలభై దాటిన వ్యక్తికి, పొగ తాగే అలవాటు ఉండి, తెమడ పరీక్షలో క్షయ క్రిములు కనిపించకపోతే, లేదా క్షయ మందులు మొదలుపెట్టిన కొన్ని వారాలలో మెరుగు కనిపించకపోతే, ఛాతీ సీటీ స్కాన్ చేయించమని కోరాలి. అనుమానం బలపడితే బ్రాంకోస్కోపీ ద్వారా గానీ, సూదితో గానీ చిన్న ముక్క తీసి బయాప్సీ చేస్తారు. ‘ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుంది’ అన్న భయంతో చాలామంది బయాప్సీకి నిరాకరిస్తారు. ఈ భయానికి ఆధారం లేదు. బయాప్సీ లేకుండా ఏ వైద్యుడూ సరైన చికిత్స మొదలుపెట్టలేడు. నిర్ధారణ అయిన తరువాత వ్యాధి ఎంతవరకు వ్యాపించిందో తెలుసుకోవడానికి పెట్ సీటీ లేదా కడుపు భాగంతో కూడిన సీటీ స్కాన్, మెదడుకు ఎమ్మారై చేస్తారు.

మరొక హెచ్చరిక. ఈ కణితి కొన్నిసార్లు శరీరంలో నీటిని నిలిపే హార్మోనును తయారుచేస్తుంది. దాని వల్ల రక్తంలో సోడియం పడిపోతుంది. అప్పుడు రోగి తికమకగా మాట్లాడతాడు, మనుషులను గుర్తుపట్టడు, మూర్ఛ కూడా రావచ్చు. మెదడుకు వ్యాధి పాకినా ఇటువంటి లక్షణాలే కనిపిస్తాయి. ఇది చూసి ‘గాలి సోకింది’, ‘ఎవరో చేయించారు’ అంటూ ఆమిళ్ల దగ్గరికి పరుగెత్తే కుటుంబాలు ఉన్నాయి. జిన్నాతుల ఉనికి మన విశ్వాసంలో భాగమే. కానీ దగ్గు, బరువు తగ్గుదల ఉన్న మనిషి ఉన్నట్టుండి వింతగా మాట్లాడితే ముందుగా చేయవలసినది రక్తపరీక్ష, మెదడు స్కాన్. సోడియం లోపాన్ని ఆసుపత్రిలో సరిచేయవచ్చు. ఇంట్లో పెట్టుకుంటే ప్రాణం పోవచ్చు.

రెండు దశలు

ఇతర క్యాన్సర్లను నాలుగు దశలుగా లెక్కిస్తారు. స్మాల్ సెల్ విషయంలోనూ ఆ లెక్క ఉన్నప్పటికీ, చికిత్స నిర్ణయించడానికి వైద్యులు ఇప్పటికీ రెండు దశలనే ప్రధానంగా చూస్తారు. వ్యాధి ఛాతీలో ఒక పక్కకే పరిమితమై, రేడియేషన్ కిరణాలు సురక్షితంగా చేరగల ఒకే ప్రాంతంలో ఉంటే దానిని ‘పరిమిత దశ’ అంటారు. రెండో ఊపిరితిత్తికి, కాలేయానికి, ఎముకలకు, మెదడుకు పాకితే ‘వ్యాపించిన దశ’. రోగులలో మూడింట ఒక వంతు మాత్రమే పరిమిత దశలో ఆసుపత్రికి చేరుతున్నారు.

పరిమిత దశలో చికిత్స ఉద్దేశ్యం వ్యాధిని పూర్తిగా తొలగించడం. వ్యాపించిన దశలో ఉద్దేశ్యం ఆయువును పొడిగించడం, బాధను తగ్గించడం. తమ రోగి ఏ దశలో ఉన్నాడో, చికిత్స ఉద్దేశ్యం ఏమిటో వైద్యుని స్పష్టంగా అడిగే హక్కు ప్రతి కుటుంబానికీ ఉంది.

పరిమిత దశలో

‘ఆపరేషన్ చేసి తీసేయరాదా?’ అన్నది అందరి మొదటి ప్రశ్న. కణితి చాలా చిన్నదై, లింఫు గ్రంథులకు ఏమాత్రం పాకనప్పుడు శస్త్రచికిత్స చేసి, తరువాత కీమోథెరపీ ఇస్తారు. అయితే ఇంత తొలిదశలో దొరికేవారు నూటికి ఐదుగురు కూడా ఉండరు. మిగిలినవారికి ఆపరేషన్ వల్ల మేలు లేదు. బ్రిటన్‌లో శస్త్రచికిత్సను, రేడియేషన్‌ను పోల్చి జరిపిన పరిశోధన ఫలితాలు 1969లో వెలువడ్డాయి. రేడియేషన్ పొందినవారే కొంత మెరుగ్గా ఉన్నారని అందులో తేలింది. కంటికి కనిపించే కణితిని తొలగించినా, కనిపించని కణాలు అప్పటికే రక్తంలో ప్రయాణిస్తూ ఉండడమే ఇందుకు కారణం.

కాబట్టి పరిమిత దశలో ప్రధాన చికిత్స కీమోథెరపీ, రేడియేషన్ రెండింటినీ కలిపి ఒకేసారి ఇవ్వడం. కీమోథెరపీలో సిస్‌ప్లాటిన్, ఎటోపోసైడ్ అనే రెండు మందులు ఉంటాయి. మూడు వారాలకొకసారి, ప్రతిసారీ మూడు రోజుల చొప్పున, నాలుగు విడతలు ఇస్తారు. మొదటి లేదా రెండవ విడతతోనే రేడియేషన్ ప్రారంభిస్తారు. దీనిని రోజుకు రెండు పూటల చొప్పున మూడు వారాలు, లేదా రోజుకొకసారి చొప్పున ఆరేడు వారాలు ఇవ్వవచ్చు. 1999లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరిశోధనలో రోజుకు రెండు పూటలు రేడియేషన్ పొందినవారిలో నూటికి ఇరవై ఆరుగురు ఐదేళ్లు దాటి జీవించారు. రోజుకొకసారి, అదే మొత్తం మోతాదు పొందినవారిలో అలా జీవించినవారు పదహారుగురు. 2017లో యూరప్ నుండి వెలువడిన మరో పరిశోధనలో మోతాదు పెంచి రోజుకొకసారి ఇచ్చినప్పుడు ఫలితాలలో పెద్ద తేడా కనిపించలేదు. దూరం నుండి వచ్చేవారికి, రెండు పూటలు ఆసుపత్రిలో ఉండలేనివారికి ఇది ఊరట కలిగించే విషయం. ఏ పద్ధతి అయినా, మధ్యలో రోజులు మానకుండా పూర్తి చేయడం ముఖ్యం.

ఈ చికిత్సకు రోగి బాగా స్పందిస్తే తలకు కూడా తక్కువ మోతాదులో రేడియేషన్ ఇవ్వాలా అన్న చర్చ వస్తుంది. ఈ వ్యాధి మెదడులో దాగి తరువాత బయటపడే స్వభావం కలది. ముందుజాగ్రత్తగా పది రోజులపాటు మెదడుకు కిరణాలు ఇస్తే ఆ ప్రమాదం తగ్గుతుంది. దానివల్ల కొందరిలో, ముఖ్యంగా వృద్ధులలో, జ్ఞాపకశక్తి మందగిస్తుంది. అందుకే కొంతమంది వైద్యులు దానికి బదులు మూడు నెలలకొకసారి ఎమ్మారై తీసి కనిపెట్టి ఉండడాన్ని సూచిస్తారు. ఇది రోగి వయస్సును, ఇష్టాన్ని బట్టి కలిసి నిర్ణయించుకోవలసిన విషయం.

చాలా ఏళ్లపాటు పరిమిత దశ చికిత్స ఇక్కడితో ఆగిపోయింది. 2024లో ఒక ముఖ్యమైన మలుపు వచ్చింది. కీమో రేడియేషన్ పూర్తయిన తరువాత డుర్వలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందును నాలుగు వారాలకొకసారి, గరిష్ఠంగా రెండేళ్లు ఇచ్చినప్పుడు రోగుల మధ్యస్థ ఆయువు సుమారు 33 నెలల నుండి 56 నెలలకు పెరిగినట్టు ‘అడ్రియాటిక్’ అనే అంతర్జాతీయ పరిశోధన చూపింది. ఈ వ్యాధిలో ఇంత పెద్ద మార్పు దశాబ్దాలుగా రాలేదు.

వ్యాపించిన దశలో

ఈ దశలో కార్బోప్లాటిన్ లేదా సిస్‌ప్లాటిన్‌తో ఎటోపోసైడ్ కలిపి నాలుగు నుండి ఆరు విడతలు ఇస్తారు. మొదటి విడతలకే ఆయాసం తగ్గడం, ముఖం వాపు తీయడం, ఆకలి పుట్టడం చాలామందిలో కనిపిస్తుంది. కణితి కరిగినట్టు స్కాన్‌లో తేలుతుంది. కుటుంబం ‘నయమైపోయింది’ అనుకుంటుంది. ఇక్కడ నిజం చెప్పక తప్పదు: ఈ దశలో వ్యాధి ఎక్కువమందిలో కొన్ని నెలల్లో తిరిగి వస్తుంది. కీమోథెరపీ మాత్రమే తీసుకున్నవారి మధ్యస్థ ఆయువు సుమారు పది నెలలు. ఏ చికిత్సా లేకపోతే అది రెండు నుండి నాలుగు నెలలే.

కీమోథెరపీకి ఇమ్యునోథెరపీని జోడించడం 2018 తరువాత ప్రమాణమైంది. మన శరీరంలోని రోగనిరోధక కణాలను క్యాన్సర్ కణాలు మభ్యపెట్టి నిద్రపుచ్చుతాయి. అటిజోలిజుమాబ్, డుర్వలుమాబ్ అనే మందులు ఆ మాయను తొలగించి, రక్షక కణాలను తిరిగి పనిలో పెడతాయి. వీటివల్ల మధ్యస్థ ఆయువు రెండు, మూడు నెలలకు మించి పెరగలేదు. అయితే ఆ సగటు వెనుక మరో సంగతి ఉంది. డుర్వలుమాబ్ పరిశోధనలో మూడేళ్లు జీవించినవారు కీమో మాత్రమే తీసుకున్నవారిలో నూటికి ఆరుగురైతే, మందు జోడించినవారిలో పద్దెనిమిది మంది. అంటే అందరికీ కాకపోయినా కొందరికి ఎక్కువ కాలం మేలు కలుగుతున్నది.

ఈ మందుల ధర లక్షల్లో ఉంటుంది. ఇల్లు అమ్మి, కూతురి పెండ్లి కోసం దాచిన సొమ్ము తీసి, వడ్డీకి అప్పు తెచ్చి ఈ మందు కొనాలా అని మమ్మల్ని అడిగినవారు ఉన్నారు. మేము చెప్పేది ఇది: పునాది కీమోథెరపీయే. దానికి వాడే మందులు మన దేశంలోనే తయారవుతున్నాయి, ప్రభుత్వ ఆసుపత్రుల్లో లభిస్తున్నాయి. దానిని ఎవరూ వదులుకోకూడదు. ఇమ్యునోథెరపీ వల్ల తమ రోగికి ఎంత మేలు ఆశించవచ్చో వైద్యుని అడిగి, శక్తి ఉన్నవారు తీసుకోవచ్చు. శక్తి లేనివారు కన్నవారికి ద్రోహం చేశామన్న బాధతో కుమిలిపోనక్కరలేదు. అల్లాహ్ ఏ ప్రాణి మీదా దాని శక్తికి మించిన భారం మోపడు.

తిరగబెట్టినప్పుడు

మొదటి చికిత్స ముగిసిన ఆరు నెలల తరువాత వ్యాధి తిరిగి వస్తే అవే మందులను మళ్లీ ఇవ్వవచ్చు. అంతకంటే ముందే వస్తే టోపోటెకాన్, ఐరినోటెకాన్ వంటి వేరే మందులు వాడతారు. లర్బినెక్టెడిన్ అనే మందుకు అమెరికాలో 2020లో అనుమతి లభించింది. 2024లో టార్లటామాబ్ అనే కొత్త తరహా మందు వచ్చింది. అది ఒక చేత్తో క్యాన్సర్ కణాన్ని, మరో చేత్తో రక్షక కణాన్ని పట్టుకొని రెండింటినీ దగ్గరకు చేరుస్తుందని చెప్పుకోవచ్చు. మెదడుకు పాకినప్పుడు, ఎముకల్లో నొప్పి ఉన్నప్పుడు ఆ భాగానికి రేడియేషన్ ఇస్తే ఉపశమనం కలుగుతుంది.

మూలికలూ మందులూ

‘ఇంగ్లీషు మందులు విషం, మన దేశీయ మూలికలే శ్రేయస్కరం’ అనే సోదరులకు ఒక విషయం మనవి చేస్తాము. పైన పేర్కొన్న ఎటోపోసైడ్ మూలం ఒక మొక్కే. కశ్మీర్, హిమాచల్ కొండల్లో పెరిగే బన్‌కక్డీ అనే మొక్క వేరులో పోడోఫిలోటాక్సిన్ అనే పదార్థం ఉంది. ఆ వేరును నేరుగా తింటే విషం. ఆ పదార్థాన్ని ప్రయోగశాలలో మార్చి, మోతాదు తేల్చి, వేలాది రోగులలో పరీక్షించిన తరువాతే అది మందైంది. సిస్‌ప్లాటిన్ కథ మరొకటి. 1965లో అమెరికాలో బార్నెట్ రోజెన్‌బర్గ్ అనే శాస్త్రవేత్త సూక్ష్మజీవుల మీద విద్యుత్తు ప్రభావాన్ని పరిశీలిస్తుండగా, ప్లాటినం కడ్డీల నుండి వెలువడిన పదార్థం వాటి విభజనను ఆపివేసింది. ఆ గమనికే పదమూడేళ్ల తరువాత, 1978లో, మందు రూపం ధరించింది.

అసలు క్యాన్సర్‌ను మందుతో ఎదుర్కోవచ్చన్న ఆశకు పునాది వేసినవారిలో మన తెలుగువాడూ ఉన్నాడు. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలలో తన బృందంతో తయారుచేయించిన మందులతోనే 1947-48 కాలంలో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్తక్యాన్సర్ సోకిన పిల్లలకు తాత్కాలికంగానైనా ఉపశమనం కలిగించగలిగాడు.

కలోంజీ, తేనె, జమ్‌జమ్ నీరు మన ఇళ్లలో గౌరవంగా వాడుకునేవి. వాటిని ఆహారంగా, బర్కత్‌గా తీసుకోవడానికి అభ్యంతరం లేదు. వైద్యునికి చెప్పి తీసుకోవాలి. కానీ వాటిని చూపి కీమోథెరపీని వాయిదా వేయడం సరికాదు. దైవప్రవక్త (స) వైద్యం చేయించుకోవాలని ఉపదేశించారు, స్వయంగా చేయించుకున్నారు. తవక్కుల్ అంటే సాధనాలను విడిచిపెట్టడం కాదు. సాధనాలను చేపట్టి ఫలితాన్ని అల్లాహ్‌కు అప్పగించడం.

ఇంట్లో జాగ్రత్తలు

కీమో తరువాత ఏడు నుండి పద్నాలుగు రోజుల మధ్య రక్తంలోని తెల్లకణాలు తగ్గుతాయి. ఆ సమయంలో జ్వరం 100.4 డిగ్రీలు దాటితే అది రాత్రయినా, పండుగయినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. జ్వరం మాత్ర ఇచ్చి తెల్లవారేదాకా ఆగడం ప్రాణాంతకం. పరామర్శకు వచ్చే బంధువులను ఆ రోజుల్లో తగ్గించాలి. రోగిని పరామర్శించడం పుణ్యకార్యమే. దగ్గుతో, జలుబుతో వచ్చి ఆయన మంచం పక్కన కూర్చోవడం మాత్రం ఉపకారం కాదు.

సిస్‌ప్లాటిన్ మూత్రపిండాల మీద, వినికిడి మీద ప్రభావం చూపుతుంది కనుక సలైన్ ఎక్కిస్తారు; నీళ్లు ఎక్కువగా తాగమంటారు. చెవుల్లో హోరు, పాదాల్లో తిమ్మిరి ఉంటే చెప్పాలి. ఛాతీకి రేడియేషన్ జరిగేటప్పుడు అన్నవాహిక పుండుపడి మింగడం కష్టమవుతుంది. కారం తగ్గించి జావ, పెరుగన్నం, మెత్తని ఖిచ్డీ, చల్లార్చిన యఖ్నీ ఇవ్వవచ్చు. ఇమ్యునోథెరపీలో కొత్తగా దగ్గు పెరిగినా, విరేచనాలు పట్టినా ఉపేక్షించరాదు. రాలిన జుట్టు చికిత్స ముగిశాక తిరిగి వస్తుంది.

ఎక్కడికి వెళ్లాలి

సికింద్రాబాద్ వాసులకు ముషీరాబాద్‌లోని గాంధీ ఆసుపత్రి, కొంత దూరంలో ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి తొలి పరీక్షలకు అందుబాటులో ఉన్నాయి. క్యాన్సర్ చికిత్సకు ప్రభుత్వరంగంలో పెద్ద దిక్కు రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి. 1955లో ఏర్పడిన ఈ ఆసుపత్రి పేరులోని మూడు అక్షరాలు నవాబ్ మెహదీ నవాజ్ జంగ్‌వి. ఆయన తరువాత గుజరాత్ రాష్ట్రానికి మొట్టమొదటి గవర్నర్ అయ్యారు. నేడు కులమతాలకు అతీతంగా తెలుగు నేల నలుమూలల నుండి పేదలు వచ్చి చేరే ఆ ప్రాంగణం ఒక మంచి పని ఎంతకాలం ఫలిస్తుందో చెప్పే సదఖా జారియాకు ఉదాహరణ. సికింద్రాబాద్ ఈస్ట్ స్టేషన్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే లక్డీకాపూల్‌లో దిగవచ్చు. అదే దారిలో పంజాగుట్టలో నిమ్స్ ఉంది. బంజారాహిల్స్‌లో బసవతారకం క్యాన్సర్ ఆసుపత్రి 2000 సంవత్సరం నుండి సేవలందిస్తున్నది. రైల్వే ఉద్యోగులు, పెన్షనర్లు ముందుగా లాలాగూడలోని తమ కేంద్రీయ ఆసుపత్రిని సంప్రదించాలి.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరులో కుటుంబానికి పది లక్షల రూపాయలకు పెంచారు. ఆహార భద్రత కార్డు, ఆధార్, బయాప్సీ నివేదిక వెంట తీసుకువెళ్లి ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలవాలి. ఏ మందు పథకంలోకి వస్తుంది, ఏది రాదు అన్నది చికిత్స మొదలవకముందే అడగాలి. జకాత్ ఇచ్చే సోదరులు కూడా ఆలోచించాలి: అర్హుడైన రోగికి స్కాన్ ఖర్చు, రోజువారీ ఆటో చార్జీ, మూడు వారాల బస కల్పించగలిగితే, మధ్యలో ఆగిపోయే చికిత్స పూర్తవుతుంది.

ధర్మ సందేహాలు

కీమో రోజుల్లో రమజాన్ వస్తే రోజా మానుకోవడానికి షరీఅత్ అనుమతిస్తుంది. కోలుకున్నాక ఆ రోజాలు తీర్చుకోవాలి; కోలుకునే ఆశ లేనప్పుడు రోజుకొక నిరుపేదకు అన్నం పెట్టాలి. వైద్యుడు వద్దన్నా పట్టుబట్టి ఉపవాసముండి మూత్రపిండాలు దెబ్బతీసుకోవడం భక్తి కాదు. నిలబడలేనివారు కూర్చొని, కూర్చోలేనివారు పడుకొని సైగలతో నమాజు చేయవచ్చు. నీరు హాని చేస్తుందన్నప్పుడు తయమ్ముమ్ ఉంది. మందులో నిషిద్ధ పదార్థం ఉందేమోనన్న సందేహం వస్తే, దానికి ప్రత్యామ్నాయం లేదని వైద్యుడు చెప్పినప్పుడు అనివార్యత కింద అనుమతి ఉందని ఉలమాలు వివరించారు.

‘అబ్బాకు జబ్బు పేరు చెప్పమంటారా, వద్దంటారా మౌలానా?’ అని కొడుకులు అడుగుతారు. ఆయన అడిగితే అబద్ధం చెప్పవద్దు. మనిషి తన అప్పులు తీర్చుకోవాలి, భార్యకు బాకీ ఉన్న మెహర్ చెల్లించాలి, వారసులు కానివారికి మూడో వంతుకు మించకుండా వసియ్యత్ రాయాలి, కోపతాపాలున్న తోబుట్టువులను పిలిచి క్షమాపణ కోరాలి. వ్యాధిని దాచి మనం ఆయనకు మేలు చేయడం లేదు. ఈ పనులు చేసుకునే అవకాశాన్ని ఆయన చేతి నుండి లాక్కుంటున్నాము. ఎంత వినగలడో అంతే, మృదువుగా, వైద్యుని సహాయంతో చెప్పాలి.

మందులు పనిచేయని స్థితి వచ్చినప్పుడు ‘ఇక ఇంటికి తీసుకుపొండి’ అన్న మాటతో చికిత్స ముగిసిపోదు. నొప్పిని, ఆయాసాన్ని తగ్గించే ఉపశమన వైద్యం అప్పుడే కాదు, వ్యాధి తెలిసిన తొలినాటి నుండే అవసరం. ఎం.ఎన్.జె. ఆసుపత్రిలో ఇందుకు ప్రత్యేక విభాగం ఉంది. హైదరాబాద్‌లోని స్పర్శ్ హాస్పిస్ చివరి దశ రోగులకు ఉచితంగా సేవ చేస్తున్నది. మార్ఫిన్ మత్తుమందు కదా అని మన ఇళ్లలో సంకోచిస్తారు. వైద్యుడు నిర్ణయించిన మోతాదులో అది నొప్పికి, ఊపిరాడని బాధకు ఔషధం. బాధ తగ్గితేనే రోగి పెదవులు కలిమాను, జిక్ర్‌ను పలకగలవు.

చివరిగా, పొగాకు

వ్యాధి వచ్చిన తరువాత మానితే లాభమేమిటని నిరాశపడవద్దు. చికిత్స సమయంలో పొగ మానినవారికి దుష్ఫలితాలు తగ్గుతాయి, మందు మెరుగ్గా పనిచేస్తుంది. ఇంకా వ్యాధి రానివారికైతే ఈ క్యాన్సర్‌ను నివారించే అన్నింటికంటే గొప్ప మార్గం అదే. పొగాకు మానాలనుకునేవారికి ప్రభుత్వం నడుపుతున్న ఉచిత ఫోన్ నంబరు 1800-11-2356. బీడీ, సిగరెట్ పెట్టెల మీద కూడా ఈ నంబరు ముద్రించి ఉంటుంది.

ఇప్పటికే ఈ పరీక్షలో ఉన్న కుటుంబాలకు మా మనవి రెండు మాటలే. ఈ వారం చేయవలసిన స్కాన్‌ను వచ్చే నెలకు వాయిదా వేయకండి. వైద్యుని గది ముందు కూర్చున్నప్పుడు దుఆ మానకండి. షిఫా ఇచ్చేవాడు అల్లాహ్ ఒక్కడే. ఆయన కల్పించిన సాధనాలను సకాలంలో చేపట్టడం మన విధి. వ్యాధిగ్రస్తులందరికీ ఆయన స్వస్థతను, వారికి సేవ చేస్తున్నవారికి సహనాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.